ఇరవై ఒకటో మెట్టు

ఆ గుహకు ఉప్పే గోడ, ఉప్పే కప్పు, ఉప్పే స్తంభం. నడిసముద్రంలోని తెల్లదీవి కడుపులో క్షారముఖుడనే మాంత్రికుడు వందేళ్ళపాటు కట్టుకున్న కొలువు అది. పగడపు కొమ్మల మీద తిమింగిలం కొవ్వు దీపాలు మండుతున్నాయి. ఆ వెలుగులో స్తంభాలు గాజులా మెరుస్తున్నాయి. వాటి లోపల ఇరుక్కుని ఎండిపోయిన చేపలున్నాయి, తాబేళ్ళున్నాయి, అక్కడక్కడ మనుషులు కూడా ఉన్నారు. అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయి. ఒకడి చేతిలో ఇంకా పడవ తెడ్డు ఉంది.

నాగదత్తుడు ఆ తెడ్డువైపు చూడకూడదనుకుంటూనే మూడుసార్లు చూశాడు. ఒంటినిండా ఉప్పు పూసుకుని, నెత్తిన ఉప్పుమూట పెట్టుకుని, మాంత్రికుడి మూగ సేవకుల వరసలో అతను నాలుగోవాడు. ఈ రాతిపనివాడి కొడుకు శంఖపాల మహారాజు కొలువులో కొలతల అధికారి. అలతో ఊళ్ళు ముంచుతానని బెదిరిస్తున్న మాంత్రికుడి పన్నాగం ఏమిటో తెలుసుకు రమ్మని రాజు పంపితే తెల్లవారుజామున దీవిలో దిగాడు. నోరు విప్పితే చచ్చాడన్నమాటే. తుమ్మినా అంతే. ముక్కులో ఉప్పు దూరి ఆ తుమ్మే ముంచుకొస్తోంది పాపం.

గుహ మధ్య పెద్ద రాగితొట్టె ఉంది. తొట్టె అంచున మూడు బొమ్మ నగరాలు. నాగదత్తుడు వాటిని చూడగానే గుర్తుపట్టాడు. శంఖపాల మహారాజు ఏలుబడిలోని మూడు రేవు పట్టణాలే అవి. మొదటిది గవ్వలదిబ్బ: ఇసుక మెరకలు, మొగలి పొదలు, తాటాకు గుడిసెలు. రెండోది చంద్రశిల: కొండరాతి మీద ఎగుడుదిగుడు వీధులు. మూడోది రాజధాని మణిప్రాకారం: ఏరు సముద్రంలో కలిసే మొగలో, చుట్టూ నలభై మూరల ఎత్తు రాతిగోడతో. ప్రతి బొమ్మ వీధిలోనూ నల్లగా ఏవో కదులుతున్నాయి. అవి చీమలు.

క్షారముఖుడు తొట్టె దగ్గర కూర్చుని ఉన్నాడు. అతని ముఖం నెర్రెలు విచ్చిన ఉప్పుమడిలా ఉంది. నవ్వినప్పుడల్లా బుగ్గలమీంచి పెళ్ళలు రాలుతున్నాయి.

"పోయండర్రా!" అన్నాడు.

సేవకులు తొట్టెలోకి నీళ్ళు పోశారు. మాంత్రికుడు ఒక శంఖాన్ని నోటి దగ్గర పెట్టుకుని లోపలికి పీల్చాడు. నీళ్ళన్నీ తొట్టె ఒక చివరకు పోగుపడ్డాయి. వదిలాడు. అల లేచి మూడు ఊళ్ళనూ ఒక్కసారే కొట్టింది.

గవ్వలదిబ్బ గుడిసెలు కొట్టుకుపోయాయి. చీమల్లో మూడోవంతు పోయాయి. మిగిలినవి మొగలి పొదలు పట్టుకుని మెరకలెక్కాయి. నీళ్ళు మెరకల సందుల్లోంచి వచ్చినంత జోరుగానే తిరిగి పోయాయి. చంద్రశిలలో రేవు వీధి మునిగింది. అక్కడి చీమలు రాయెక్కి కూర్చున్నాయి. వాటిలో పోయినవి తక్కువే.

మణిప్రాకారం గోడ మాత్రం కదల్లేదు. నాగదత్తుడు ఊపిరి పీల్చుకోబోయాడు. అంతలో గోడ అంచుమీంచి నీళ్ళు లోపలికి దూకాయి. దూకినవి బయటికి పోవడానికి దారి లేదు. వీధులు నిండాయి, మేడలు నిండాయి, చివరికి ఊరే గోడ అంచు దాకా నిండింది. క్షారముఖుడు చాలాసేపు వంగి చూశాడు. అందులోంచి ఒక్క చీమ కూడా పైకి రాలేదు.

మాంత్రికుడు చప్పట్లు కొట్టాడు. "చూశారా! మూడు ఊళ్ళ జనాన్ని మూడుచోట్ల వేటాడాలంటే నాకు మూడు అమావాస్యలు పట్టేది. ఇప్పుడు అందర్నీ తెచ్చి ఒకే కుండలో పోసి మూత బిగించారు. ఎవడో నాగదత్తుడట! మూడు ఊళ్ళూ కొలిచి, మణిప్రాకారమే క్షేమమని ముద్ర వేసి రాసిచ్చాడట. వాడికి ఈ పొద్దు వాలేలోగా నా కొలువులో మంత్రి పదవి రాసిపెట్టండర్రా! పోటు నిండగానే ఈ శంఖం పూరిస్తాను."

నాగదత్తుడి నెత్తిమీద మూట జారింది. అతని భార్య నీలవేణి, పుట్టి పదకొండు రోజులైన కూతురు, గవ్వలదిబ్బ జనమంతా ఆ గోడల మధ్యే ఉన్నారు. ఊరి జనం మీద జాలితో, తన కొలతల మీద నమ్మకంతో, దగ్గరుండి వాళ్ళను అక్కడికి తోలించింది అతనే. శత్రువు లోపలికి రాకుండా నేలవైపు సింహద్వారం గడియల్లో కరిగించిన సీసం పోయమని చెప్పింది కూడా అతనే.

ఇన్నాళ్ళూ అతను చావుకు భయపడ్డాడు కానీ, తను చేసిన పనికి భయపడటం అదే మొదలు. మూట నేలమీద పడి పగిలింది. అంతసేపూ ఆపుకున్న తుమ్ము కూడా అప్పుడే బయటపడింది.

ఆ సేవకులు తుమ్మరు. తుమ్మినా, మూగవాళ్ళు "అమ్మా!" అనరు.

"ఎవడ్రా అది?" అన్నాడు క్షారముఖుడు.

నాగదత్తుడు జవాబు చెప్పడానికి ఆగలేదు. దీపాలున్న పగడపు కొమ్మను తన్ని కొవ్వు నేలమీద పారేలా చేశాడు. మంట భగ్గుమంది. సేవకుల కాళ్ళ సందుల్లోంచి దూరి, ఉప్పు మెట్ల మీద జారి, మోకాళ్ళు చీరుకుపోయి రక్తం కారుతుంటే రేవు వైపు పరుగెత్తాడు. వెనక స్తంభాలు పగులుతున్న చప్పుడు వినిపించింది. అతను తిరిగి చూడలేదు. తెడ్డు పట్టుకున్న మనిషి స్తంభంలోంచి బయటికి వస్తున్నాడని చూడకుండానే అతనికి తెలిసిపోయింది.

రేవులో పడవ సిద్ధంగా ఉంది. చుక్కాని దగ్గర అతని అత్త పైడితల్లి కూర్చుంది. ఆమెది గవ్వలదిబ్బ ఉప్పుమళ్ళ పని. నలభై ఏళ్ళుగా సముద్రపు నీటిని వేలెడు వాలుతో మడి నుంచి మడికి నడిపించిన మనిషి. దీవి చుట్టూ ఉన్న సుడులు ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియవు.

"ఏటల్లుడూ, అలగున్నావు? నెత్తిమీద మూటేది?"

"పడవ తియ్యి అత్తా! బేగి! మన వాళ్ళంతా చచ్చిపోతారు!"

ఆమె మరో మాట అడగకుండా తాడు కోసేసింది. తెరచాప గాలి పట్టింది. నాగదత్తుడు రొప్పుతూ తొట్టెలో చూసిందంతా చెప్పాడు. చెబుతూ చెబుతూ ఏడ్చేశాడు.

"నేను సరిగ్గానే కొలిచాను అత్తా! తాడు వేసి కొలిచాను. గోడ నలభై మూరలు. గవ్వలదిబ్బ మెరకలు పదమూడు మూరలు దాటవు. చంద్రశిల రేవు తొమ్మిది."

పైడితల్లి చుక్కాని తిప్పుతూ అతనివైపు అదోలా చూసింది. "మెరకల్ని ఎక్కణ్ణించి కొలిసావు?"

"అలల గీత నుంచి."

"రేవునో?"

"అదీ అలల గీత నుంచే."

"మరి రాజుగోరి గోడని?"

గోడకు అవతలివైపు, సముద్రం ఒడ్డున, రాజుగారి పూజామండపం ఉంది. అటు పరాయివాడు అడుగు పెట్టకూడదు. అందుకని నాగదత్తుడు వీధిలో నిలబడి, వీధి రాతి నుంచి గోడ అంచు దాకా తాడు వేశాడు.

"వీధి నుంచి," అన్నాడు నెమ్మదిగా.

"ఆ వీధి సముద్రానికి పైనుందో కిందనుందో సూసావా?"

అతను అడ్డంగా తల ఊపాడు.

"మా మళ్ళలో కూలికొచ్చిన పిల్లగుంటలు కూడా ఇలగ కొలవరు," అంది ఆమె. "ఏటి మొగ బురద అది. ఏడాదికో పండగ సేసి ఇంటికో రాయి సొప్పున ఆ గోడ మీద పెడతారు. ఎంత బరువుంటాదో ఏటో! పెట్టినకాడికి దిగబడిపోతాది గదా. ఊరు దిగబడితే వీధి దిగబడదేటి? నా కూతుర్ని గోతిలో కూకోబెట్టి, సుట్టూ గోడుందని సంబరపడ్డావు అల్లుడూ."

మణిప్రాకారం వాళ్ళకు ఇంకో సంబరం కూడా ఉంది. పూజామండపం నుంచి సముద్రంలోకి ఇరవై ఒక్క మెట్లు. రాజుగారి తాత కట్టించినవి. కొన్నేళ్ళకొకసారి ఒక మెట్టు నీళ్ళలో మునుగుతుంది. మునిగిన ప్రతిసారీ నగరంలో డప్పులు మోగుతాయి, పులిహోర పంచుతారు. సముద్రుడు మహారాజు పాదాలు తాకడానికి ఒక్కో మెట్టే ఎక్కి వస్తున్నాడని, చివరి మెట్టు తాకిన రోజున ఆయన రాజుకు బంటైపోతాడని వాళ్ళ నమ్మకం. ఇరవై మెట్లు మునిగిపోయాయి. ఇరవై ఒకటోది ఈ అమావాస్య పోటుకు మునుగుతుందని పురోహితులు లెక్క కట్టారు. సముద్రమే బంటైతే ఇక మాంత్రికుడి అల ఏం చేస్తుందని నగరమంతా ధీమాగా ఉంది. ఊరు మునుగుతుంటే పండుగ చేసుకునే జనం ఈ భూమ్మీద ఇంకెక్కడా ఉండరు.

పడవ వెనక నీళ్ళు తెల్లగా పొంగాయి. ఆ తెలుపులోంచి ఒక తల లేచింది. తరవాత పది, తరవాత నలభై. గుహ స్తంభాల్లో చూసిన మనుషులే! ఉప్పుకట్టిన ఒళ్ళతో, రెప్పలు లేని కళ్ళతో ఈదుకొస్తున్నారు. తెడ్డువాడు అందరికంటే ముందున్నాడు. తెడ్డుతో ఒక్క దెబ్బ వేశాడు. పడవ వెనకపలక చీలిపోయింది. ఇంకొకడు నాగదత్తుడి చీలమండ పట్టుకున్నాడు. పట్టుకున్న చోట చర్మంలోని తడంతా పీల్చేసినట్టు మంట పుట్టింది. అతను కత్తితో ఆ చెయ్యి నరికాడు. తెగిన చెయ్యి వదల్లేదు సరికదా, వేళ్ళమీద నడుస్తూ మోకాలి మీదికి ఎక్కసాగింది.

"కత్తి పారేయ్! కుండందుకో!" అని అరిచింది పైడితల్లి.

"ఏ కుండ?"

"తాగే నీళ్ళ కుండ! ఉప్పుని నరుకుతారేటి ఎవరైనా?"

అతను మంచినీళ్ళ కుండ ఎత్తి కాలిమీద కుమ్మరించాడు. చెయ్యి కరిగి జారిపోయింది. పైడితల్లి రెండో కుండ నడుముకెత్తి, తెరచాప తాడు పళ్ళతో పట్టుకుని, దోసిళ్ళతో వెనక్కి చల్లింది. తగిలినచోటల్లా ఉప్పుదేహాలు చిల్లులు పడ్డాయి. తెడ్డువాడి ముఖం కరుగుతుంటే దాని కింద అసలు ముఖం క్షణకాలం కనిపించింది. ఎవరో కుర్ర జాలరి. అతను ఏదో చెప్పబోయి, చెప్పకుండానే నీళ్ళలో కలిసిపోయాడు.

పడవలో ఉన్న మూడు కుండలూ ఖాళీ అయ్యాయి. మిగిలిన భూతాలు వెనకబడ్డాయి. నాలుక పిడచగట్టుకుపోతుంటే, ఇద్దరూ రెండు ఆమడల సముద్రాన్ని ఎండలో దాటారు. పొద్దు పడమటికి వాలుతోంది.

చివరికి మణిప్రాకారం కనిపించింది. ఎంత అందంగా కనిపించిందనుకున్నారు! గోడ పొడవునా పట్టు జెండాలు, బురుజు బురుజుకూ పూలతోరణాలు, లోపలి నుంచి డప్పులు, సన్నాయిలు. ఎర్రరాతి మీద సాయంత్రపు ఎండ పడి కోటంతా దీపంలా వెలుగుతోంది. గోడ మధ్యలో, బయటివైపు పొడుచుకొచ్చిన పూజామండపం. అక్కడ శంఖపాల మహారాజు పసుపు పట్టుబట్ట కట్టుకుని, చెప్పుల్లేకుండా, చివరి మెట్టు మీద నిలబడి ఉన్నాడు. నీళ్ళు ఆయన కాలివేళ్ళకు జానెడు దూరంలో ఉన్నాయి. ఆయన ముఖంలో ఉన్న సంతోషం చూస్తే ఎవరికైనా జాలి పుడుతుంది.

పడవ నేరుగా ఆ మెట్టుకే తగిలింది.

"నాగదత్తా! సమయానికి వచ్చావు. పక్కన నిలబడి చూడు," అన్నాడు రాజు.

"మహాప్రభూ, సింహద్వారం తీయించండి! ఈ ఊరు గొయ్యి! నా కొలత తప్పు! మాంత్రికుడు పోటు నిండగానే సముద్రాన్ని మన మీదికి వదులుతున్నాడు!"

రాజు చిరునవ్వు నవ్వాడు. నడుముకు దోపుకున్న తాటాకు పత్రం తీశాడు. నాగదత్తుడి ముద్ర ఉన్న పత్రమే అది. "'మూడు పట్టణాల్లో మణిప్రాకారమే మిక్కిలి క్షేమకరం. దీనికి నా తల తాకట్టు.' ఇవి నీ మాటలే కదా? ఈ మాట నమ్మే కదా రెండు ఊళ్ళ జనం ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి వచ్చారు? ఎండలో ఉప్పునీళ్ళ మీద తిరిగి నీకు మతి చలించింది. ఎవరక్కడ! ఇతన్ని నీడకు తీసుకెళ్ళండి."

మండపానికి ఊరివైపు మందపాటి పట్టుతెర వేలాడుతోంది. పూజ సమయంలో రాజుగారిని ప్రజలు చూడకూడదని వేసిన తెర. దాని వెనక నుంచి వీధిలోకి మెట్లదారి ఉంది. రాజు ఎప్పుడూ పల్లకిలోనే ఎక్కి వస్తాడు. పల్లకిలో పోయేవాడికి మెట్ల లెక్క ఏం తెలుస్తుంది? భటులు చేతులు పట్టుకోబోయేలోగా నాగదత్తుడు పరుగున వెళ్ళి ఆ తెరను రెండు చేతులతో లాగి చింపేశాడు.

చింపి, తనే వెనక్కి తూలాడు.

ఇటు సముద్రం పాదాల దగ్గర ఉంది. అటు వీధి ముప్పై మూరల లోతున ఉంది. మేడల కప్పులు కూడా అలల కంటే కిందే ఉన్నాయి. ఆ లోతులో వేలమంది జనం, తలలు తప్ప ఇంకేమీ కనిపించనంత కిక్కిరిసి, డప్పులకు అడుగులు వేస్తున్నారు.

"పైకి రండి!" అని గొంతు చించుకుని అరిచాడు నాగదత్తుడు. "మెట్లెక్కి రండి! ఊరు మునుగుతుంది! ఒక్కసారి తలెత్తి చూడండి!"

తెర తొలగితే తల దించుకోవాలని ఆ ఊళ్ళో పసిపిల్లలకు కూడా నేర్పుతారు. తెర తొలగింది కనక ముందు వరసలవాళ్ళు తల దించుకున్నారు. వాళ్ళను చూసి వెనకవాళ్ళు దించుకున్నారు. ఆ వీధి వీధంతా వంగిపోయింది. అతను ఎంత గట్టిగా అరిస్తే అంత భక్తిగా వంగారు.

ఒక్క మనిషి మాత్రం తలెత్తింది. భుజాన పసిగుడ్డుతో ఉన్న ఒక ఆడమనిషి. ఆ గొంతు ఎవరిదో ఆమెకు తెలుసు.

"నీలా!" అన్నాడు.

భటులు అతన్ని కిందపడేశారు. ఒకడు బల్లెం గొంతుకు ఆనించాడు. సరిగ్గా అప్పుడే మెట్టు మీద నిలబడ్డ రాజు ఆనందంతో కేక పెట్టాడు. నీరు ఆయన బొటనవేలు తాకింది. మండపంలో శంఖం ఊదారు. కింద ఊరంతా జేజేలు కొట్టింది.

దానికి జవాబుగా దూరంగా, తెల్లదీవి వైపు నుంచి, ఇంకో శంఖం మోగింది.

సముద్రం రాజుగారి పాదం వదిలి వెనక్కి జరిగింది. ఒక మెట్టు, రెండు మెట్లు. పైడితల్లి పడవలోంచి మండపం మీదికి గెంతింది. పడవ నీళ్ళతోపాటే కిందికి జారిపోయింది. అయిదు, పది, పదిహేను. మునిగిన ఇరవై మెట్లూ నాచుతో, గుల్లలతో బయటపడ్డాయి. నీరు అక్కడితో ఆగలేదు. అన్నిటికంటే అడుగు మెట్టు కింద ఇంకో మెట్టు కనిపించింది. దాని కింద ఇంకోటి.

"ఇవేమిటి?" అన్నాడు రాజు. "మెట్లు ఇరవై ఒకటే కదా?"

ముప్పై, నలభై, అరవై. ఒక్కో తరం వాళ్ళు పాతవి మునిగాక వాటిమీద కొత్తవి కట్టి, తామే మొదట కట్టామనుకున్నారు. అరవయ్యో మెట్టు దగ్గర ఒక తోరణద్వారం తేలింది. దానిమీద శంఖపాలుడి వంశచిహ్నమే ఉంది. ఆ ద్వారానికి అటూ ఇటూ కిటికీలున్న ఇళ్ళ గోడలు, ఒక బావి చప్టా, కూర్చోవడానికి అరుగులు. ఒకప్పుడు జనం పొద్దున్నే కూర్చుని కబుర్లు చెప్పుకున్న అరుగులవి. ఇప్పుడు వాటిమీద చేపలు కొట్టుకుంటున్నాయి.

రాజు వెనక్కి తిరిగాడు. "నాగదత్తా, సముద్రుడు ఎక్కి రాలేదు. మేమే దిగిపోయాం," అన్నాడు. ఆయన కిరీటం జారి, నాచు మెట్లమీద దొర్లుకుంటూ పోయింది. దాన్ని ఎవరూ పట్టుకోలేదు. గొంతుకు ఆనిన బల్లెం తనంతట తనే పక్కకు తొలగింది.

మహారాజు చింపిన తెర దగ్గరికి పరుగెత్తి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తన ప్రజలకు ఎదురుగా నిలబడ్డాడు. "తలలెత్తండి! నా ఆజ్ఞ! పైకి రండి! పరుగెత్తండి!"

ముందు వరసలు తలెత్తాయి. ఒక్క క్షణం అర్థం కాలేదు. తరవాత మెట్లదారి దగ్గర తొక్కిసలాట మొదలైంది. ఆ దారి పక్కపక్కన ఇద్దరు మనుషులకే సరిపోతుంది. ఊళ్ళో ఉన్నది నలభై వేలమంది. నీలవేణి పదో మెట్టు దాకా వచ్చి జనం మధ్య నలిగిపోతూ ఆగిపోయింది. భుజాన ఉన్న పసిదాన్ని రెండు చేతులతో నెత్తిపైకి ఎత్తింది.

"అమ్మా! పిల్లని అందుకో!"

ముందున్నవాడెవరో తీసుకున్నాడు. అతని ముందున్న ఆవిడ తీసుకుంది. తలలమీంచి, చేతులమీంచి, ఏడుస్తూ ఆ పసిగుడ్డు మండపం చేరింది. పైడితల్లి కొంగులో చుట్టుకుని గుండెకు హత్తుకుంది. అప్పటిదాకా గట్టిగా నిలబడిన మనిషి అప్పుడు భోరుమంది.

"ఎంతసేపుంది అత్తా?" అన్నాడు నాగదత్తుడు.

ఆమె కన్నీళ్ళు తుడుచుకుని ఆకాశం అంచు చూసింది. అక్కడ సున్నంతో గీసినట్టు ఒక తెల్లగీత కనిపిస్తోంది. "ఒక మడికి నీరెక్కేంత సేపు. అంతకంటే ఉండదు."

"ఈ మెట్ల మీద అయిదొందల మంది కూడా ఎక్కలేరు. సింహద్వారం తెరవాలి. అది దాటితే గుట్టల దారి మెరకే."

"దానికి సీసం పోయించేసావు గదా!"

"నేనే పోయించాను. నేనే పగలగొడతాను."

చిరిగిన పట్టుతెరను స్తంభానికి కట్టి, దాన్ని పట్టుకుని గోడ వెంట ఊళ్ళోకి జారాడు. అరచేతులు కాలిపోయాయి. గోడ పాదం దగ్గర ఈ ఏటి పండుగ రాళ్ళు చెక్కిన పనివాళ్ళ సమ్మెటలు పడి ఉన్నాయి. ఒకటి భుజానెత్తుకున్నాడు. పక్కనే ఇంకో చెయ్యి గడ్డపార తీసుకుంది. నీలవేణి మెట్లు దిగి వచ్చేసింది.

"నువ్వు పైకెక్కు!" అన్నాడు.

"నువ్వు తలుపు తీస్తే అందరం నడిసే పోతాం. మాటలొద్దు, నడు."

ఇద్దరూ జనానికి ఎదురీదుతూ పరుగెత్తారు. సగం ఊరు దాటేసరికి తొక్కిసలాట లేదు. ఇక్కడికి రాజుగారి కేక చేరలేదు. ఇక్కడ ఇంకా పండుగే. పిల్లలు రంగుగుడ్డలు ఊపుతున్నారు. "తప్పుకోండి! ద్వారం వైపు రండి!" అని ఇద్దరూ అరుస్తుంటే కొందరు నవ్వుతూ దారి ఇచ్చారు.

సింహద్వారం నీడలో గవ్వలదిబ్బ జనం విస్తళ్ళు పరచుకుని పులిహోర తింటున్నారు. ద్వారం గడియల్లో సీసం గట్టిపడి, వెండిలా మెరుస్తోంది. నాగదత్తుణ్ణి చూడగానే ఉప్పుమళ్ళ పెద్ద నారప్పడు చెయ్యి కడుక్కోకుండానే లేచి వచ్చాడు. ఎనభై ఏళ్ళ మనిషి. వంగి, నాగదత్తుడి ఉప్పుకాళ్ళు పట్టుకున్నాడు.

"నువ్వు కొలిసి సెప్పబట్టి గదా బాబూ, ఈ గోడ సాటున పడ్డాం. నా మనవలు, మునిమనవలు, అందరూ ఇక్కడే ఉన్నారు. నీ పేరు సెప్పుకునే తింటన్నాం."

చుట్టూ ఉన్నవాళ్ళంతా నాగదత్తుడికి చేతులెత్తి దండం పెట్టారు. అతను ముసలాయన్ని భుజాలు పట్టి లేపి పక్కన నిలబెట్టి, సమ్మెట ఎత్తి సీసం మీద కొట్టాడు. వేలెడు మేర నొక్కు పడింది, అంతే. మళ్ళీ కొట్టాడు. నీలవేణి గడియ సందులో గడ్డపార దూర్చి బరువంతా వేసింది. జనం నవ్వుతూ చూస్తున్నారు, ఇది కూడా పండుగలో ఒక వేడుకే అనుకుని.

అతను నాలుగో దెబ్బ వేసేసరికి, సముద్రంవైపు వీధుల్లో డప్పులు ఒక్కసారిగా ఆగిపోయాయి.